మెండెల్‌సన్ ఓపస్ 54: చప్పట్లకు చోటివ్వని వేరియేషన్లు

జర్మన్ స్వరకర్త బీథోవెన్ పుట్టిన బాన్ పట్టణంలో ఆయనకు విగ్రహం పెట్టాలని 1835లో ఒక కమిటీ ఏర్పడింది. చందాల కోసం పిలుపు యూరప్ అంతటికీ వెళ్లింది. డబ్బు మాత్రం అనుకున్నంతగా రాలేదు. 1839లో ఆ సంగతి తెలిసి పేరున్న పియానిస్టు, స్వరకర్త లిస్ట్ కలగజేసుకున్నాడు. తక్కువ పడిన సొమ్ము తానే సమకూరుస్తానని మాటిచ్చాడు. వియన్నాలో పియెట్రో మెకెట్టి అనే సంగీత ప్రచురణకర్త మరో దారి పట్టాడు. పేరున్న పది మంది స్వరకర్తల దగ్గర తలా ఒక పియానో రచన తీసుకుని, ఒకే ఆల్బమ్‌గా అచ్చువేసి, వచ్చిన ఆదాయాన్ని విగ్రహ నిధికి ఇవ్వాలన్నది అతని ఆలోచన. షోపాన్ తన సి షార్ప్ మైనర్ ప్రిల్యూడ్ ఇచ్చాడు. లిస్ట్, బీథోవెన్ మూడో సింఫనీలోని శవయాత్ర మార్చ్‌ను పియానోకి మార్చి ఇచ్చాడు. చెర్నీ, థాల్‌బర్గ్, కాల్క్‌బ్రెన్నర్, మొషెలెస్, హెన్‌జెల్ట్ లాంటివాళ్లూ తలా ఒకటి పంపారు. ఆల్బమ్ ముఖపత్రం మీద ‘పది బ్రిలియంట్ రచనలు’ అని వేశారు. బ్రిలియంట్ అంటే అప్పట్లో వేళ్ల నేర్పు మెరిపించే శైలి. లైప్‌జిగ్ నుంచి ఫెలిక్స్ మెండెల్‌సన్ ఇచ్చిన రచన పేరు మాత్రం ఆ ముఖపత్రంతో పొసిగేది కాదు. ఆయన పెట్టిన ఫ్రెంచి పేరు ‘వేరియాసియోఁ సెరియూజ్’, అంటే గంభీరమైన వేరియేషన్లు, ఒకే థీమ్‌ని (మూల బాణీని) మార్చి మార్చి వాయించే రూపం. ఆయన రచనల వరుసలో అది ఓపస్ 54, అంటే 54వ నంబరు.

ఆ పేరు ఎవరికి జవాబో తెలియాలంటే అప్పటి పియానో కచేరీలు ఎలా నడిచేవో చూడాలి. 1830ల నాటి పారిస్‌లో, వియన్నాలో పియానిస్టుకు వేరియేషన్లే పెద్ద పెట్టుబడి. జనం నోట నానుతున్న ఒక ఒపెరా పాటను తీసుకునేవారు. ముందు దాన్ని మామూలుగా వాయించి, తర్వాత ఒకసారి పరుగుల స్వరాలతో, ఒకసారి రెండు చేతుల ఆక్టేవ్‌లతో (ఒకే స్వరం రెండు స్థాయిల్లో), ఒకసారి నెమ్మదిగా కన్నీళ్లు పెట్టించేలా, చివర్లో హోరెత్తించేలా వాయించేవారు. దేనికది విడి ప్రదర్శన. మధ్యలో చప్పట్లకు జాగా ఉండేది. 1829 ఆగస్టులో పందొమ్మిదేళ్ల షోపాన్ వియన్నాలో మొజార్ట్ పాట మీద తాను రాసిన వేరియేషన్లు వాయించి, ప్రతి వేరియేషన్ తర్వాతా చప్పట్ల హోరుకి ఆర్కెస్ట్రా వాయించేది తనకే వినపడలేదని ఇంటికి ఉత్తరం రాశాడు. 1837లో బెల్లిని ఒపెరాలోని ఒక మార్చ్ మీద లిస్ట్, థాల్‌బర్గ్, పిక్సిస్, హెర్త్స్, చెర్నీ, షోపాన్ ఆరుగురూ తలా ఒక వేరియేషన్ రాసి ఒకే రచనగా కూర్చారు. ఆరుగురు రాసినా అతుకు తెలియాల్సిన అవసరం లేని రూపం అది. ఏ ముక్కకా ముక్క నిలబడితే చాలు. ఇలా కుప్పలుగా వస్తున్న వేరియేషన్ల మీద జర్మన్ స్వరకర్త షూమన్ తన సంగీత పత్రికలో పదేపదే విసుగు చూపించాడు. ఆయన విసుగు న్యాయమైనదే. ఆ రచనల్లో చాలావాటిని ఈ రోజు ఎవరూ ముట్టుకోవడం లేదు.

మెండెల్‌సన్ ఈ రచన పూర్తి చేసింది 1841 జూన్ 4న. అప్పటికి ఆయన వయసు 32. ఆరేళ్లుగా లైప్‌జిగ్‌లో గెవాండ్‌హౌస్ అనే కచేరీ హాలు ఆర్కెస్ట్రాకి సారథి. ప్రష్యా కొత్త రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియం ఆయన్ని బెర్లిన్‌కి రమ్మంటున్నాడు. వెళ్లాలా వద్దా అన్న టెన్షన్ అప్పటి ఆయన ఉత్తరాల నిండా కనిపిస్తుంది. ఇంత హడావిడిలో, జూలై 15న లండన్‌లో ఉన్న స్నేహితుడు కార్ల్ క్లింగెమన్‌కి రాసిన ఉత్తరం మాత్రం పట్టరాని సంతోషంతో నిండి ఉంటుంది. డి మైనర్‌లో (మైనర్ అంటే విషాద ఛాయ ఉన్న స్వరాల అమరిక, మేజర్ అంటే వెలుగు ఛాయ ఉన్నది) ఒక థీమ్ తీసుకుని ఏకబిగిన 18 వేరియేషన్లు రాశానని, అందులో దొరికిన ఆనందానికి వెంటనే ఇ ఫ్లాట్‌లో ఇంకో థీమ్ మీద మొదలుపెట్టానని, ఇప్పుడు బి ఫ్లాట్‌లో మూడోది నడుస్తోందని, ఇంతకాలం రాయనందుకు బాకీ తీర్చుకుంటున్నట్టుగా ఉందని చెప్పుకొచ్చాడు. అచ్చులో వచ్చినవి 17. ఉత్తరానికీ అచ్చుకీ మధ్య కత్తెర పడింది. రాసినదాన్ని తిరగరాయకుండా వదలని మనిషి కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. నచ్చకపోతే ఏళ్ల తరబడి అచ్చుకి ఇవ్వకుండా దాచుకున్నవి కూడా ఆయన దగ్గర ఉన్నాయి. అందరికీ తెలిసిన ఇటాలియన్ సింఫనీని బతికుండగా ఆయన అచ్చు వేయించనే లేదు.

ఇక థీమ్ సంగతి. అది ఏ ఒపెరా నుంచీ తెచ్చింది కాదు, మెండెల్‌సన్ సొంతం. 16 బార్లు (తాళపు చిన్న గళ్లు), బార్‌కి రెండు బీట్ల లయ, ఆందాంటె సోస్తెనూతో వేగం. అంటే ఆగకుండా, ఈడ్చకుండా, ప్రతి స్వరాన్నీ నిలబెట్టి వాయించే నడక. నాలుగు గొంతులు కలిసి పాడే చర్చి పాటలా నాలుగు స్వరవరుసలు ఉంటాయి. కానీ చర్చి పాటలో ఉండే నిబ్బరం ఇక్కడ ఉండదు. కారణం ఒక చిన్న ఏర్పాటు. పై గొంతు స్వరం బీటు మీద మారదు. ముందు బీటులో మొదలైన స్వరం పక్క బీటులోకి సాగుతుంది. కింద బేస్, అంటే అట్టడుగు గొంతు, మారిపోతుంది. ఒక్క క్షణం ఆ రెండూ పొసగక రాపిడి పుడుతుంది. అప్పుడు పై స్వరం అర్ధస్వరం మేర కిందికి దిగి సర్దుకుంటుంది. సర్దుకునేసరికి కింద మళ్లీ మార్పు. ఇలా ప్రతి అడుగులోనూ ఒక బరువు, ఒక నిట్టూర్పు. పాశ్చాత్య సంగీతంలో దీన్ని సస్పెన్షన్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దపు బాఖ్ కాలం నుంచీ దుఃఖానికి వాడుతున్న పద్ధతే. మెండెల్‌సన్ దాన్ని ఎక్కడో ఒకచోట అలంకారంగా పెట్టకుండా థీమ్ మొత్తాన్ని దానితోనే అల్లాడు. ఇందులో జనం పాడుకుంటూ ఇంటికి వెళ్లే ట్యూన్ లేదు. పైగా ఇలాంటి థీమ్ విన్నాక మనసులో ఏదో తేలని విషయం మిగిలిపోతుంది. తర్వాతి వేరియేషన్ రావాల్సిన అవసరం థీమ్‌లోనే ఉంది.

కర్ణాటక సంగీతం వినే తెలుగువాళ్లకు ఇక్కడ సంగతులు గుర్తుకు రావడం సహజం. త్యాగరాజ కీర్తనలో పల్లవి మొదటి వరుస సాదాగా మొదలై, ఒక్కో సంగతికీ పెరుగుతూ, చివరికి అదే మాట ఎక్కడికో తీసుకెళుతుంది. (కాలం కూడా ఒకటే. త్యాగరాజు 1847 జనవరిలో, మెండెల్‌సన్ అదే ఏడాది నవంబరులో కన్నుమూశారు. ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశం ఏమాత్రం లేదు.) పోలిక మొదటి మెట్టు వరకూ పనికొస్తుంది. ఆ తర్వాత దారి వేరు. సంగతిలో పెరిగేది స్వరవరుసే. రాగం, తాళం, సాహిత్యం దానికి ఆధారం. పియానో వేరియేషన్‌లో స్వరవరుస పూర్తిగా మాయమైపోవచ్చు. అయినా థీమ్ అక్కడే ఉంటుంది. ఎలాగంటే, ఏ బార్‌లో ఏ కార్డ్ (కలిపి పలికే స్వరాల గుత్తి) రావాలి, బేస్ ఏ మెట్లు దిగాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్న లెక్క మారదు. 16 బార్ల ఆవర్తనం పూర్తయ్యేసరికి మళ్లీ డి మైనర్ ఇంటికి చేరాలి. ట్యూన్ కోసం వెతికే చెవికి ఐదారు వేరియేషన్లు దాటాక థీమ్ పోయినట్టే అనిపిస్తుంది. బేస్‌ని పట్టుకున్న చెవికి అది ఒక్క క్షణం కూడా పోదు.

మొదటి వేరియేషన్‌లో పై గొంతు థీమ్‌ని దాదాపు అలాగే పాడుతుంది. కింద మాత్రం పదహారో వంతు స్వరాలు కదలడం మొదలుపెడతాయి. రెండో దానిలో ఆ కదలిక చిక్కబడుతుంది. బీటుకి నాలుగు స్వరాలు ఉన్నచోట ఆరు చేరతాయి. మూడో దానిలో వేగం పెంచమన్న సూచనతో పాటు రెండు చేతులూ తెంపి తెంపి కార్డ్‌లు వేస్తాయి. నాలుగోది రెండే గొంతులు. రెండూ చిన్న చిన్న స్టకాటో (తెంపి పలికే) స్వరాలతో ఒకదాన్నొకటి తరుముతాయి. నీళ్ల మీద చినుకుల్లా తేలిగ్గా ఉండే ఈ చోట వెనక బాఖ్ చదువు పనిచేస్తోంది. ఐదోది అజితాటో, ఆందోళనగా. ఆరో దానిలో చేతులు కీబోర్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకి దూకుతాయి. ఏడులో మంట. ఎనిమిది, తొమ్మిది వచ్చేసరికి అల్లెగ్రో వివాచే (చురుగ్గా, వేగంగా), రెండింటిలోనూ ఒకటే మూడేసి స్వరాల గుత్తుల ఉధృతి. ఎనిమిదో దాన్ని తొమ్మిది నుంచి వేరు చేసి వాయించడం కుదరదు. కుదరకూడదు కూడా.

ఈ రచన గొప్పదనం వేరియేషన్లలో కంటే వాటి మధ్య అతుకుల్లో ఎక్కువగా ఉంది. ఒక్కొక్క వేరియేషన్‌నే తీసి చూస్తే, అంతకన్నా కష్టమైనవి లిస్ట్ రాశాడు, అంతకన్నా వింతైనవి షూమన్ రాశాడు. ఇక్కడ జరిగిన పని వేరు. ఒక వేరియేషన్‌లో పుట్టిన కదలికే తర్వాతి దానికి కారణం అవుతుంది. నాలుగు స్వరాలు ఆరయ్యాయి కాబట్టి వేగం పెరగాలి. వేగం పెరిగింది కాబట్టి స్వరాలు పొట్టివై విడిపోవాలి. విడిపోయిన స్వరాలు గొంతులుగా మారి తరుముకోవాలి. తరుముకోవడం ఆందోళన అవ్వాలి. మొదటి తొమ్మిదీ కలిపి ఒకే పెద్ద ఉబ్బు. చప్పట్లు కొట్టాలనుకునేవాడికి ఇందులో ఎక్కడా సందు దొరకదు. విడి ప్రదర్శనల వరుసగా ఉన్న రూపాన్ని మెండెల్‌సన్ ఒకే వాదనగా మార్చాడు. గంభీరత అంటే నెమ్మదిగా, ముఖం ముడుచుకుని వాయించడం అనుకునేవాళ్లు ఈ తొమ్మిది వేరియేషన్లను ఒకసారి వినాలి. రచనలో ఎక్కువ భాగం వేగమే, సగానికి సగం హోరే. అయినా ఒక్క స్వరం కూడా వేళ్ల సత్తా చూపించడానికి పెట్టింది కాదు.

ఉధృతి తొమ్మిదిలో ఆగుతుంది. పదో వేరియేషన్ మోడరాటో, అంటే మధ్యస్థ వేగం. ఒక గొంతు ఒంటరిగా మొదలవుతుంది, రెండోది దాన్నే అందుకుంటుంది, తర్వాత మూడోది. ఒకే బాణీని గొంతులు వంతులుగా అందుకునే ఫ్యూగ్ పద్ధతి. ఇంత అలజడి తర్వాత ఇంత క్రమశిక్షణ రావడం చల్లనీళ్లు చల్లినట్టు అనిపించాలి. కానీ ఆ గొంతులు పాడేది థీమ్‌లోని ఆ నిట్టూర్పుల్నే. 1829లో ఇరవై ఏళ్ల వయసులో బాఖ్ ‘సెయింట్ మాథ్యూ పాషన్’ని బెర్లిన్‌లో మళ్లీ వేదికెక్కించినవాడు మెండెల్‌సన్. 1840 ఆగస్టులో లైప్‌జిగ్ సెయింట్ థామస్ చర్చిలో బాఖ్ స్మారకం కోసం నిధులు పోగుచేస్తూ ఒక్కడే ఆర్గన్ కచేరీ చేశాడు. ఫ్యూగ్ ఆయనకు పాత పుస్తకంలోంచి తీసిన పాఠం కాదు, రోజూ మాట్లాడే భాష. పదకొండోది ఆ ఫ్యూగ్ చల్లదనం నుంచి మెల్లగా పాటలోకి జారుతుంది. దాని లోపలి గొంతుల గుబులు వింటే షూమన్ పక్కనే ఉన్నాడనిపిస్తుంది. నిజంగానే ఇద్దరూ అప్పుడు లైప్‌జిగ్‌లోనే ఉన్నారు.

పన్నెండు, పదమూడు ఈ రచనలో పియానిస్టులు ఎక్కువగా మాట్లాడుకునే చోట్లు. పన్నెండులో రెండు చేతులూ ఒకే చోట వంతులవారీగా సుత్తి దెబ్బల్లా పడతాయి. ఒకే స్వరం మళ్లీ మళ్లీ, తెరిపి లేకుండా. ఇలాంటిది రాయాలంటే అలా పలికే వాయిద్యం చేతిలో ఉండాలి. అంతకుముందు పియానోల్లో మీట పూర్తిగా పైకి వచ్చాకే సుత్తి మళ్లీ తీగను కొట్టగలిగేది. 1821లో పారిస్‌కి చెందిన ఎరార్డ్ కంపెనీ పేటెంట్ తీసుకున్న కొత్త యంత్రాంగంతో, మీట సగం లేచినా మళ్లీ నొక్కితే స్వరం పలికేది. మెండెల్‌సన్‌కు ఎరార్డ్ పియానోలంటే ప్రత్యేకమైన ఇష్టం. చెక్క, ఇనుము, తోలు కలిసి తెచ్చిన ఆ కొత్త వీలు 1841 నాటి సంగీతంలోకి ఎలా చేరిందో చూడటానికి ఈ ఒక్క పేజీ చాలు.

పదమూడో వేరియేషన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. థీమ్ ఇక్కడ పైన ఉండదు, కిందా ఉండదు. మధ్యలో, మగ గొంతు పాడే స్థాయిలో ఉంటుంది. ఎడమ చెయ్యి బొటనవేలి వైపు వేళ్లు ఆ పాటను సాగదీస్తూ పాడాలి. అదే చేతి చిటికెనవేలి వైపు నుంచి బేస్ స్వరాలు తీగ మీటినట్టు పొట్టిగా పడాలి. పైన కుడిచెయ్యి చాలా తేలిగ్గా, చిన్న చిన్న స్వరాలు విదిల్చినట్టు పరుగెత్తాలి. వింటే మూడు చేతులున్నట్టు అనిపిస్తుంది. ఈ ‘మూడో చెయ్యి’ ప్రభావానికి ఆ రోజుల్లో పెట్టింది పేరు థాల్‌బర్గ్, ఇదే ఆల్బమ్‌లో ఉన్న థాల్‌బర్గ్. ఆయన మధ్యలో పాటను మోగించి చుట్టూ ఆర్పెజియోల (విడివిడిగా పరిచిన కార్డ్‌ల) జలపాతం కురిపిస్తే హాల్లో జనం లేచి నిలబడి ఆయన చేతుల వంక చూసేవారట. మెండెల్‌సన్ ఆ చమత్కారాన్నే తీసుకుని దాని గొంతు తగ్గించాడు. జలపాతం లేదు. చుట్టూ ఉన్న స్వరాలు అడుగుల చప్పుడు వినపడకుండా తప్పుకు తిరుగుతుంటాయి. మధ్యలో పాట ఎవరికీ చెప్పకుండా తనలో తాను పాడుకుంటున్నట్టు సాగుతుంది. బ్రిలియంట్ శైలి మీద ఓపస్ 54 చేసిన విమర్శ అంతా ఈ ఒక్క వేరియేషన్‌లో ఉంది. ఆ నేర్పు తనకూ వచ్చు, కానీ దాన్ని వాడాల్సింది ఇందుకు అని వాయించి చూపించాడు.

వాయించేవాళ్లకి ఇందులో అసలు చిక్కు వేగం కాదు. ఒకే ఎడమచేతిలో రెండు రకాల స్పర్శ ఉండాలి. చేతి ఒక సగం అంటుకుని ఉండాలి, ఇంకో సగం కాలినట్టు వెనక్కి రావాలి. పెడల్ (స్వరాన్ని సాగదీసే కాలి మీట) తొక్కి పాటను అతికిద్దామంటే బేస్ పొట్టితనం పోతుంది. పెడల్ తీసేస్తే పాట ముక్కలవుతుంది. వేళ్లతోనే అతకాలి. దాన్ని కష్టంలా కనపడనివ్వకుండా వాయించేవాళ్లు తక్కువ.

తర్వాత పద్నాలుగు. అడాజియో, బాగా నెమ్మదిగా. మొత్తం రచనలో డి మేజర్ వచ్చేది ఇక్కడొక్కచోటే. పదమూడు వేరియేషన్లుగా మైనర్‌లోనే ఉన్న చెవికి ఈ వెలుగు మొదటి కార్డ్‌తోనే తెలిసిపోతుంది. నాలుగు గొంతులు మళ్లీ చర్చి పాట పద్ధతికి వస్తాయి. థీమ్‌లో ఏ నిట్టూర్పులైతే కలవరపెట్టాయో అవే ఇప్పుడు మేజర్‌లో ఓదార్పులా వినిపిస్తాయి. మరో స్వరకర్త అయితే ఈ చోటు పెంచి, ఇంకో రెండు మూడు మేజర్ వేరియేషన్లు రాసి, శ్రోతని అక్కడే కూర్చోబెట్టేవాడు. మెండెల్‌సన్ కూర్చోనివ్వడు. పదిహేనులో బీటు తప్పి పడే కార్డ్‌లతో, మెల్లమెల్లగా ఆందోళన పెంచమన్న సూచనతో మైనర్ తిరిగి వస్తుంది.

పదహారు, పదిహేడు కలిసి రెండో పెద్ద ఉబ్బు. మళ్లీ అల్లెగ్రో వివాచే, రెండు చేతుల మధ్య పంచిన వేగపు స్వరాలు. పదిహేడులో 16 బార్ల గోడ పూర్తిగా బద్దలవుతుంది. వేరియేషన్ ముగియాల్సిన చోట ముగియకుండా సాగిపోతుంది. కింద ఎడమచెయ్యి ఉరుములా మోగుతుండగా పైన థీమ్ పూర్తి బలంతో తిరిగి వినపడుతుంది. ఆ తర్వాత ప్రెస్టో కోడా (అతి వేగమైన ముగింపు భాగం), చేతులు ఒకదాని వెనక ఒకటి బీటు తప్పి పరుగెత్తే పేజీ. ఇక్కడ ఒక బ్రిలియంట్ రచన అయితే నాలుగు ఫోర్టిస్సిమో (చాలా గట్టి) కార్డ్‌లతో తలుపు బద్దలుకొట్టి బయటపడేది. ఓపస్ 54 చివర్లో శబ్దం తగ్గిపోతుంది. నెమ్మదైన డి మైనర్ కార్డ్‌లతో ఆగుతుంది. పద్నాలుగులో కనిపించిన మేజర్ మళ్లీ రాదు. ఓదార్పు దొరికింది కానీ సమస్య తీరలేదు అన్నదే ముగింపు. మెండెల్‌సన్ అంటే తీయగా, సులువుగా రాసేవాడన్న పేరుంది. అలాంటివాడి చేతిలోంచి ఇంత రాజీలేని ముగింపు రావడం దగ్గర చాలామంది విమర్శకులు ఆగారు.

ఈ ఆకారం ఎక్కడి నుంచి వచ్చింది? రెండు చిరునామాలు స్పష్టంగా ఉన్నాయి. ఒకటి, 1806లో బీథోవెన్ రాసిన సి మైనర్ 32 వేరియేషన్లు. అందులో థీమ్ ఎనిమిదే బార్లు. ఒక వేరియేషన్ ఇంకోదానిలోకి నేరుగా తోసుకుపోతుంది, మధ్యలో కొంతసేపు సి మేజర్ వెలుగు వచ్చి వెళుతుంది. బీథోవెన్ విగ్రహానికి ఇస్తున్న కానుకలో బీథోవెన్ పద్ధతే ఉండటం ఎంతో సబబు. రెండోది బాఖ్ ఒంటరి వయొలిన్‌కి రాసిన షకోన్, మళ్లీ మళ్లీ వచ్చే పొట్టి పునాది మీద కట్టిన రచన. అదీ డి మైనరే, అదీ మధ్యలో డి మేజర్‌కి వెళ్లి మైనర్‌కి తిరిగొచ్చేదే. మెండెల్‌సన్ ఆ షకోన్‌కి పియానో సహకారం రాసి, 1840లో గెవాండ్‌హౌస్‌లో తన ఆర్కెస్ట్రా మొదటి వయొలినిస్టు ఫెర్డినాండ్ డేవిడ్ వాయిస్తుంటే తాను పక్కన పియానో మీద కూర్చున్నాడు. ఏడాదిన్నర తిరగకముందే ఓపస్ 54. ఒకే శ్రుతి, ఒకే పొట్టి పునాది, దాని మీద అంతులేని కట్టడం. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని చెవే చెబుతుంది.

బాన్ విగ్రహం 1845 ఆగస్టులో ఆవిష్కరించారు. ప్రష్యా రాజు, ఇంగ్లండ్ రాణి విక్టోరియా వచ్చారు. లైప్‌జిగ్‌లో బాఖ్ స్మారకం అంతకు రెండేళ్ల ముందే, 1843లో లేచింది. ఇలా ఇతరుల స్మారకాలకు పాటుపడిన మనిషికి ఆయన చనిపోయిన కొన్ని దశాబ్దాలకి గెవాండ్‌హౌస్ ముందు ఒక విగ్రహం పెట్టారు. 1936 నవంబరులో నాజీలు దాన్ని పెకలించేశారు. ఆయన యూదు కుటుంబంలో పుట్టాడన్నదే కారణం. నిరసనగా నగర మేయర్ కార్ల్ గోర్డెలర్ పదవి వదులుకున్నాడు. కొత్త ప్రతిమ సెయింట్ థామస్ చర్చి దగ్గర నిలబడేసరికి 2008 వచ్చింది. ఈ విషయం ఓపస్ 54కి దూరమైంది కాదు. 1850లో వాగ్నర్ యూదుల సంగీతం మీద రాసిన వ్యాసంలో మెండెల్‌సన్‌కి నేర్పు ఉంది కానీ మనసు లోతుల్ని కదిలించే శక్తి లేదని అన్నాడు. జాతి ద్వేషంతో పుట్టిన ఆ తీర్పు తర్వాత మర్యాదైన విమర్శ వేషం వేసుకుని చాలాకాలం బతికింది. మెండెల్‌సన్ పొట్టి పియానో రచనలైన ‘మాటలు లేని పాటలు’ ఇళ్లలో అమ్మాయిలు వాయించుకునే తేలిక రచనలన్న చిన్నచూపు కూడా దానికి తోడైంది. ఆ మాటలన్నీ అన్నవాళ్లు ఈ పదిహేడు వేరియేషన్లను ఏ గదిలో పెట్టాలో తేల్చుకోలేకపోయారు. మిగతా పియానో రచనలు కచేరీల్లోంచి తప్పుకున్న కాలంలో కూడా ఇది తప్పుకోలేదు.

ఉత్తరంలో చెప్పిన ఆ ఇ ఫ్లాట్, బి ఫ్లాట్ వేరియేషన్లు ఏమయ్యాయంటే, ఆయన చనిపోయాక ఓపస్ 82, 83గా అచ్చయ్యాయి. రెండూ అందమైనవే. ఇ ఫ్లాట్ రచన మరీ మృదువుగా ఉంటుంది. కానీ మొదటిదానిలో ఉన్న ఆ పట్టుదల వాటిలో లేదు. మేజర్‌లో ఉన్న థీమ్‌కి తేలని విషయం అంటూ ఏమీ ఉండదు, కాబట్టి ఒక వేరియేషన్ ఇంకోదాన్ని లాక్కురాదు. డి మైనర్ థీమ్‌కి ఉన్న బలం ఏమిటో వాటి పక్కన పెట్టి వింటే ఇంకా బాగా తెలుస్తుంది.

ఓపస్ 54 మొత్తం నిడివి 11, 12 నిమిషాలు. కొత్తగా వినేవాళ్లు ఒక పని చేస్తే బాగుంటుంది. ముందు థీమ్ ఒక్కటే, నిమిషం లోపు ముక్క, మూడు నాలుగుసార్లు వినాలి. రెండోసారి నుంచి పై గొంతు వదిలేసి బేస్‌ని వెంబడించాలి. అప్పుడు మొత్తం రచనలోకి వెళ్లాలి. రికార్డింగులకు కొదవ లేదు. ఆల్‌ఫ్రెడ్ కొర్టో పాతకాలపు రికార్డింగులో తప్పు స్వరాలు దొర్లుతాయి, కానీ వేరియేషన్ల మధ్య ఊపిరి ఎలా మారాలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ. హోరోవిట్జ్ దగ్గర పన్నెండో వేరియేషన్ భయపెడుతుంది. రిక్టర్ మొత్తాన్నీ ఒకే ఇనుప కడ్డీలా పట్టుకుంటాడు. మరే పెరాహియా పదమూడులో ఆ మధ్య గొంతుని పాడించే తీరు, పద్నాలుగులోకి అడుగుపెట్టే తీరు మొదటిసారి వినేవాళ్లకి అన్నిటికన్నా అనువుగా ఉంటాయి. ఏ రికార్డింగ్ అయినా ఒక పరీక్ష పెట్టొచ్చు. ఎనిమిదో వేరియేషన్ తొమ్మిదిలోకి మారిన క్షణం విడిగా తెలిసిందంటే, ఆ పియానిస్టు వేళ్ల మీద పెట్టిన శ్రద్ధ అతుకు మీద పెట్టలేదన్నమాటే.